డబ్బా మార్కులు

చింతలవాగు (వయా పినపాక),
14 జులై 1984

పిసినారి తాహెరాకు,

కోపం తెచ్చుకోకు. కాలేజీలో మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒక్క రోజయినా నీ అన్నం డబ్బాలోంచి నాకో ముద్ద పెట్టని దానివి, నిన్ను ఇంకేమని పిలవను? మధ్యాహ్నం గంట కొట్టగానే నీళ్ల ట్యాంకు వెనక్కి పరుగెత్తి, అందరికీ వీపు చూపించి తినేదానివి. నాకింకా గుర్తుంది.

నాకు ఉద్యోగం వచ్చి నెల దాటింది. బస్సు వాగు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి నడక. పోస్టుమాస్టరు గారి అత్తగారు భారతమ్మ గారింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. వర్షం పడితే గదిలో మూడు గిన్నెలు పెట్టాలి. అయినా నాకు హాయిగానే ఉంది. సత్తుపల్లిలో మా నాన్న నీడలో ఉండేకంటే ఇదే నయం.

బడిలో ఆడపిల్లలు నలభై ఒక్క మంది. కోయగూడేల నుంచి, లంబాడా తండాల నుంచి నాలుగేసి మైళ్లు నడిచి వస్తారు. నేను చెప్పేది గృహవిజ్ఞానం. హైదరాబాదు నుంచి తెచ్చిన పోషకాహారం చార్టు గోడకు తగిలించాను. పాలు, గుడ్డు, క్యారెట్టు, ఆపిల్. ఆపిల్‌ను చూసి ఒక పిల్ల, "గింత పెద్ద రేగుపండు యాడ కాస్తది టీచరమ్మా?" అంది! నవ్వాపుకోలేకపోయాను.

వీళ్లు తెచ్చుకునే తిండి చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి. అందుకని ఒక పద్ధతి పెట్టాను. దాని పేరు డబ్బా మార్కులు. మధ్యాహ్నం గంట కాగానే అందరూ వరసగా కూర్చుని మూతలు తీయాలి. నేను ఒక్కొక్కరి డబ్బా చూసుకుంటూ వెళ్తాను. అన్నానికి రెండు, పప్పుకు రెండు, కూరకు రెండు, గుడ్డుకు నాలుగు. పదికి పది వచ్చిన వాళ్లు సోమవారం ప్రార్థనలో ముందు నిలబడతారు. మార్కులన్నీ నల్లబోర్డు మీద వారమంతా ఉంటాయి. ఒకరిద్దరికి సున్నా వేయాల్సి వచ్చింది. మొహాలు మాడ్చుకున్నారు. కొన్నాళ్లు పోతే వాళ్లే దండం పెడతారు.

డిసెంబరులో ఖమ్మంలో ఉపాధ్యాయుల సదస్సు ఉంది. పిల్లలు ఏం తింటున్నారో చీటీల మీద రాయించి, అక్కడ వ్యాసం చదువుతాను. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడం నీ పని.

నీ
హైమ

*

ఖమ్మం,
2 ఆగస్టు 1984

టీచరమ్మకు తాహెరా సలాములు.

ఉత్తరం అందింది. అమ్మీకి చదివి వినిపిస్తే, ఆపిల్ దగ్గర పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత, "పిల్ల అడిగింది తప్పేముంది? నేను మాత్రం ఎన్ని తిన్న?" అంది.

నా సంగతులు చెప్పేంత ఏమీ లేవు. డాక్టరు గారి దవాఖానాలో రక్తపరీక్షల గది నాదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాల వేళ్లు గుచ్చడం నా ఉద్యోగం. నన్ను చూస్తే పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు మొహం తిప్పుకుంటారు. సాబిర్ అన్న గాజుల కొట్టు ఫరవాలేదు. కారేపల్లిలో ఇల్లు అమ్మేశాం, అది నీకు తెలుసుగా.

నీ మార్కుల పద్ధతి రెండుసార్లు చదివాను. నువ్వు ఏ పని చేసినా గట్టిగానే చేస్తావు. అయితే నాదొక ప్రశ్న. సున్నా తెచ్చుకున్న పిల్ల మర్నాడు డబ్బాలో ఏం తెచ్చింది? నువ్వు అది రాయలేదు.

నా డబ్బాకైతే ఎన్ని వేసేదానివో!

తాహెరా

*

చింతలవాగు,
20 సెప్టెంబరు 1984

ప్రియమైన తాహెరా,

మర్నాడు ఏం తెచ్చిందని అడిగావు కదా, విను. తెల్లటి వరి అన్నం తెచ్చింది, పైన పప్పు! ఇప్పుడు నలభై ఒక్క డబ్బాల్లోనూ అన్నమే. ఎనిమిది, తొమ్మిది మందికి రోజూ గుడ్డు. పదికి పది వాళ్ల వరస సోమవారం నాడు గోడ దాకా వెళ్తోంది. చీటీలు కూడా చూశాను. 'పొద్దున పాలు, మధ్యాహ్నం పప్పు, గుడ్డు, రాత్రి ఆకుకూర, పండు' అని ఎంత చక్కగా రాశారో. మా హెడ్మాస్టరు గారు ఆ చీటీలు చూసి, ఇన్నేళ్లలో ఇలాంటి పని చేసిన టీచరు లేదన్నారు. వ్యాసం రాసి పంపేశాను. తీసుకుంటున్నామని జవాబు కూడా వచ్చింది.

ఒక్కటే చిరాకు. వ్యాసంలో పెట్టడానికి పిల్లల బరువులు కావాలి కదా. గోదాములో తునికాకు కట్టలు తూచే కాటా మీద జూన్‌లో ఒకసారి, మొన్న ఒకసారి నిలబెట్టాను. ఒక్కరూ పెరగలేదు. పన్నెండు మంది తగ్గారు. నులిపురుగులే అయి ఉంటాయి, కాళ్లకు చెప్పులు లేకుండా తిరుగుతారు. కాటా మీద కూడా నాకు నమ్మకం లేదు. అందుకని ఆ పేజీ వ్యాసంలో పెట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం నీ చేతికిస్తున్న ఆవిడ కూతురు పేరు గోరి. తొమ్మిదో తరగతి. చురుకైన పిల్ల. మొన్న సోమవారం ప్రార్థనలో ముందు వరసలో నిలబడి అలాగే కూలిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక్కడ చూసేవాళ్లు లేరు. డాక్టరు గారికి చెప్పి జల్దీగా చూపించు. వీళ్లకు ఖమ్మం కొత్త, బస్సు కూడా నువ్వే ఎక్కించాలి.

ఏ సంగతీ వెంటనే రాయి.

హైమ

*

ఖమ్మం,
24 సెప్టెంబరు 1984

హైమ గారికి,

గోరి రక్తం నేనే తీశాను. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది ఆరు ఉంది. నమ్మకం కలగక రెండోసారి కూడా చూశాను. నులిపురుగులు ఉన్నాయి, మందిచ్చాం. నువ్వు వాటి వెనక దాక్కోకూడదని ఈ మాట ముందే రాస్తున్నాను.

డాక్టరు గారు గోరి తల్లిని పిలిచి, "ఇనుము మాత్రలు ఇస్తున్న. తిండి గూడ మంచిగ పెట్టాలె. జొన్నరొట్టె పెట్టు. మీ దిక్కు చేలల్ల చెంచలి కూర దొరుకుతదిగద, అది రోజూ వండు. దానంత బలం ఇంకేది లేదు" అన్నారు.

తల్లి కూతురి మొహం చూసింది. "గదే తినొద్దన్నరు సారూ బడిల. గొడ్లు తినే ఆకు అన్నరంట" అంది.

డాక్టరు గారికి అర్థం కాలేదు. నాకు అయింది. గోరిని లోపల బల్ల మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని అడిగాను. నేను నీ దోస్తునని తెలుసు కదా, భయపడుతూనే చెప్పింది. ఆ పిల్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"పస్టు దినం నాకే సున్నా ఒచ్చింది. రొట్టె, చెంచలి కూర తీస్కపోయిన. టీచరమ్మ నా డబ్బా పైకెత్తి అందరికి సూపెట్టింది. 'ఇది మీ ఎడ్లకు ఏస్తరా, మీకు ఏస్తరా' అన్నది. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

ఆ రోజు ఇంటికి వెళ్లి వరి అన్నం కావాలని ఏడ్చిందట. తల్లి ఇంట్లో జొన్నలు దుకాణంలో ఇచ్చి బియ్యం తెస్తోంది. ఆ బియ్యం డబ్బాకే. కింద వట్టి అన్నం, చింతపండు నీళ్లు, పైన నీకు కనబడేట్టు ఒక చెంచా పప్పు, ఒక చెంచా కూర. జొన్నలు దుకాణానికి పోయాక రాత్రి ఇంట్లో రొట్టె అందరికీ చాలడం లేదు. ఆ ఉన్నది కూడా గోరి ముట్టడం మానేసింది. 'ఎడ్ల తిండి' అని తమ్ముణ్ణి కూడా తిననివ్వడం లేదట.

చీటీలు చార్టు చూసి రాశారు. "అది పాఠం గద అక్కా, పాఠం రాయమన్నదనుకున్నం" అంది.

నీ గుడ్ల సంగతి. అది ఒక్కటే గుడ్డు, హైమా. ఆదెమ్మ అనే కోయపిల్ల ఇంటి నుంచి తెస్తుంది. నువ్వు మొదటి వరస చూసి తిరిగేలోపల బెంచీల కింద నుంచి రెండో వరసకు పోతుంది, అక్కణ్ణుంచి మూడో వరసకు. రోజూ ఎనిమిది, తొమ్మిది మంది వంతులు వేసుకుంటారు. "మరి చివరికి ఎవరు తింటరు?" అని అడిగాను. "ఎవ్వరం తినం. తింటే రేపెట్ల?" అంది. వాసన వచ్చిన రోజు వాగులో పారేసి, మర్నాడు కొత్తది తెస్తారు.

నీకు కోపం రావచ్చు. పిల్లలు మోసం చేశారని అనవచ్చు. అనే ముందు ఇంకొకటి కూడా చదువు.

నీళ్ల ట్యాంకు వెనక నేను ఏం తినేదాన్నో మూడేళ్లు అడిగావు. మనం కాలేజీలో చేరిన ఏడాదే మా అబ్బా పోయారు. నా డబ్బాలో ఏమీ ఉండేది కాదు. వట్టి డబ్బా. బస్సులో చెంచా గలగలమంటే తెలిసిపోతుందని గుడ్డపీలిక చుట్టేదాన్ని. ట్యాంకు దగ్గర నీళ్లు తాగి, డబ్బా కడిగి, మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. రాగానే నువ్వు బెంచీ అంతా వినేట్టు, "ఏం కూరే పిసినారీ?" అనేదానివి. నేను ఆలుగడ్డ అనేదాన్ని.

నేను కూడా నవ్వేదాన్ని.

తాహెరా

*

చింతలవాగు,
11 నవంబరు 1984

తాహెరా,

ఏమని పిలవాలో తెలియక పేరు మాత్రం రాశాను.

నెలన్నర జవాబు రాయలేదు. పండుగ సెలవులని, జ్వరమని ఏదో ఒకటి రాయవచ్చు. నిజానికి రాసే మొహం లేదు. నీ ఉత్తరం చదివాక మొదట నేనేం చేశానో తెలుసా? నులిపురుగులు ఉన్నాయన్న వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను. నువ్వు వద్దన్నా దాని వెనకే దాక్కోవాలని చూశాను. అంత నీచంగా ఉన్నాను.

గోరి చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆ మాట అన్నాను. అనడమే కాదు, పిల్లలు నవ్వారు కదా అని ఇంకో ఇద్దరి డబ్బాలు కూడా ఎత్తాను. ఒక దాంట్లో జొన్న గటక, ఒక దాంట్లో ఉడికించిన ఇప్పపూలు. పాఠం బాగా నడిచిందని ఆ రోజు సంతోషంగా గదికి వచ్చాను. భారతమ్మ గారికి చెబితే, "మా చిన్నప్పుడు బాలింతలకు చెంచలి కూరే పెట్టేవాళ్లమ్మా" అన్నారు. ఆ మాట నేను పట్టించుకోలేదు, నీకూ రాయలేదు. మా పుస్తకంలో ఆకుకూరల జాబితాలో ఆ పేరు లేదు. లేనిది తిండే కాదనుకున్నాను.

సెలవులయ్యాక గుడ్డును పరీక్షించాను. మొదటి వరసలో కనబడగానే, చూస్తున్నట్టు చేతిలోకి తీసుకుని పెన్సిలుతో చుక్క పెట్టాను. ఆ చుక్క రెండో వరసలో నా ఎదురుగా వచ్చింది. మూడో వరసలో మళ్లీ వచ్చింది. ఆ పిల్ల రెండు చేతులతో డబ్బా పైకెత్తి, ఊపిరి బిగబట్టి నా మొహమే చూస్తోంది. గుడ్డు చూపిన అందరికీ నాలుగేసి మార్కులు వేసుకుంటూ పోయాను. సాయంత్రం బోర్డు తుడిచేశాను. ఎందుకు తుడిచారని హెడ్మాస్టరు గారు అడిగితే, సుద్దముక్కలు అయిపోయాయని చెప్పాను. పిరికిదాన్ని.

ఇక నీ డబ్బా. మన ఆఖరి రోజున నీ ఆటోగ్రాఫు పుస్తకంలో 'పెట్టి తినడం నేర్చుకో' అని రాశాను కదూ? ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒంటి మీద చీర కూడా బరువనిపిస్తోంది. మూడేళ్లు నీ మోచేతికి నా మోచేయి తగులుతూ కూర్చుని, ఆకలితో ఉన్న మనిషిని గుర్తుపట్టలేని దాన్ని పోషకాహారం పాఠం చెప్పడానికి పంపారు.

నన్ను క్షమిస్తావా?

హైమ

*

ఖమ్మం,
19 నవంబరు 1984

హైమా,

ఆ ఆటోగ్రాఫు పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. చింపలేదు. ఎందుకు చింపలేదో నాకూ తెలియదు.

నాకు క్షమాపణ రాయడం సులువు. కాగితం, కలం ఉంటే చాలు, నేను తెలుగు చదవగలను. గోరి తల్లి చదవలేదు. ఆమెకు ఎలా చెబుతావు?

నెలకోసారి మళ్లీ రక్తం చూడాలని డాక్టరు గారు చెప్పి పంపారు. అక్టోబరులో రాలేదు, ఈ నెల కూడా రాలేదు. నువ్వు అంత పెద్ద ఉత్తరం రాశావు, గోరి బడికి వస్తోందో లేదో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

తాహెరా

*

చింతలవాగు,
18 డిసెంబరు 1984

తాహెరా,

గోరి బడికి రావడం లేదు. ఆ మాట రాయలేకే రాయలేదు. ఖమ్మం నుంచి వెళ్లినప్పటి నుంచి రాలేదు. ఆదెమ్మను అడిగితే, "అన్నం లేదట టీచరమ్మా. రొట్టె తీస్కొని రాదట" అని చెప్పింది.

సదస్సులో మొదట రాసిన వ్యాసం చదవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. బరువుల పేజీ కూడా చదివాను. బెంచీల కింద గుడ్డు నడిచిన దగ్గరకు వచ్చేసరికి హాలంతా పగలబడి నవ్వింది. నేను ఆ రోజు తరగతిలో నవ్వించినట్టే. కిందికి దిగాక ఒకాయన వచ్చి, చాలా సరదాగా చెప్పారమ్మా అని మెచ్చుకున్నాడు. అక్కణ్ణుంచి మీ దవాఖానా మెట్ల దాకా వచ్చాను. కిటికీలోంచి నువ్వు ఎవరి వేలో పట్టుకుని కనిపించావు. లోపలికి రాలేక బస్టాండుకు వెళ్లిపోయాను.

మొన్న ఆదివారం గోరి వాళ్ల తండాకు వెళ్లాను. నన్ను చూడగానే గోరి తల్లి లోపలికి పరుగెత్తింది. పొయ్యి మీద పెనం వేడిగా ఉంది. ఇల్లంతా జొన్నరొట్టె వాసన. ఆమె గబగబా రొట్టెల గంప మీద గుడ్డ కప్పి, గంపను గోడ వైపు తోసింది. చిన్నవాణ్ణి పక్కింటికి పంపింది. వాడు గిన్నెలో బియ్యం తెచ్చాడు.

గోరి మంచం మీద కూర్చుని ఉంది. మాత్రలు అయిపోయాయట. నేను తల్లి దగ్గరకు వెళ్లి, "అమ్మా, నేను తప్పు చేశాను. తెలియక అన్నాను. మీ తిండే బలమైన తిండి. నాకు ఆ రొట్టె, ఆ కూరే పెట్టు" అన్నాను.

ఆమె గంపకు అడ్డంగా నిలబడింది. "అది మేం తినేది తల్లీ. నీకు ఎట్ల పెడత? బడి పంతులమ్మకు అది పెట్టిన్నని తెలిస్తే నలుగురు నవ్వరా?" అంది.

ఎంత బతిమాలినా పెట్టలేదు. కంచంలో తెల్లటి అన్నం పెట్టింది, పప్పు వేసింది, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టింది. ఎవరింట్లో అడిగి తెచ్చిందో ఆ గుడ్డు. నేను తింటున్నంత సేపూ ఎదురుగా నిలబడి కంచంలోకే చూసింది. అన్నం, పప్పు తిన్నాను. గుడ్డు మాత్రం తినలేక, లేచి గోరి చేతిలో పెట్టాను.

అప్పుడు ఆమె మెల్లగా అడిగింది. "గిప్పుడు ఎన్ని మార్కులు ఏస్తవమ్మా? పది ఒస్తయంటె పిల్లను మల్ల తోలిస్త."

వెటకారం కాదు తాహెరా. నిజంగానే అడిగింది. అన్నాళ్లుగా ఆ మార్కుల కోసమే కదా ఆమె ఇంట్లో జొన్నలన్నీ దుకాణానికి మోసింది. నేను తల ఊపాను. మార్కులు తీసేశానని, అవి తప్పని చెప్పి ఉండాల్సింది. చెబితే పిల్లను పంపదేమోనని భయం వేసింది.

సోమవారం గోరి వచ్చింది. మధ్యాహ్నం నేను భారతమ్మ గారితో చేయించుకున్న రొట్టె, చెంచలి కూర తీసుకుని పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాను. అందరికీ కనబడేట్టు మూత తీసి తిన్నాను. కొందరు నన్ను చూశారు, కొందరు తల దించుకున్నారు. ఆదెమ్మ మాత్రం అన్నం కింద దాచుకున్న గటక పైకి తీసింది.

గోరి తన డబ్బా మూత తీసింది. అందులో ఆదివారం గుడ్డు అలాగే ఉంది. "తిను గోరీ, ఇంకా మాత్రలు కూడా తెప్పిస్తాను. ముందు ఇది తిను" అన్నాను. తినలేదు. ఖాళీ బోర్డు వైపు చూస్తూ కూర్చుంది.

"ఇక మార్కులు లేవమ్మా. ఎవరికీ లేవు" అన్నాను.

"మరి మా అమ్మతోని ఉన్నయన్నరు గద. మీరు రాసినంకనే తింట" అంది.

అందరూ నా వైపే చూస్తున్నారు. లేచి, బీరువాలోంచి సుద్దముక్క తీసి, బోర్డు మీద గోరి పేరు రాసి, పక్కన పది వేశాను.

అప్పుడు తింది.

హైమ